బోర్డు వైపు

మా హార్డ్‌వేర్ ల్యాబు మధ్యలో ఒక పొడుగాటి బల్ల ఉంది. చివరి ఏడాది ప్రాజెక్టు వైవాలన్నీ ఆ బల్ల దగ్గరే జరుగుతాయి. కిటికీ వైపు సర్క్యూటు బోర్డు పెడతారు, గోడ వైపు కంప్యూటర్ తెర పెడతారు. జట్టుకి ఇద్దరు. సర్క్యూటు కట్టినవాళ్ళు బోర్డు వైపు, ప్రోగ్రాం రాసినవాళ్ళు తెర వైపు నిలబడాలి. ఎవరు ఏం చేశారో అడిగి నిలబెడితే నాకేమీ అభ్యంతరం ఉండేది కాదు. అడగరు. మా ల్యాబ్ ఇన్‌ఛార్జి సారు గుమ్మంలో నిలబడి చెయ్యి చూపిస్తారంతే. బాబు ఇటు, అమ్మాయి అటు. బస్సులో కండక్టరు సీట్లు చూపించినట్టు.

ఆయన్ని మేమంతా కవర్ల మాస్టారంటాం. ల్యాబులో ఉన్న ప్రతి మిషనుకీ ఒక ప్లాస్టిక్ కవరు తొడిగి, మేం ముట్టుకోబోతే 'కవరు, కవరు' అంటూ పరిగెత్తుకొస్తారు. చెడ్డమనిషి కాదు. కానీ మనిషి చెడ్డవాడు కానంత మాత్రాన మన ఒళ్ళు మండకుండా ఉండదు కదా. మొదటి ఏడాదిలో నేను, తగరం కరిగించి భాగాలు అతికించే సోల్డరింగ్ ఐరన్ అడిగితే ఆయన చాలా దయగా నవ్వి, "ఆ పొగ ఆడపిల్లలకి మంచిది కాదమ్మా, నువ్వు పక్కన కూర్చుని రీడింగులు రాసుకో" అన్నారు.

ఆ మాట ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. అమ్మ రేడియోలూ చార్జర్లూ తయారయ్యే కంపెనీలో పనిచేస్తుంది. ఆ హాలు నిండా ఆడవాళ్ళే. పొద్దుణ్ణించి సాయంత్రం దాకా అందరూ వరసగా కూర్చుని సోల్డరింగే చేస్తారు. అమ్మ కూర తరుగుతూ, తల ఎత్తకుండానే, "అంత బాధగా ఉంటే మా హాల్లో పొగ బయటికి లాగే ఫ్యాను పెట్టించమని మీ సారుని ఓ మాట చెప్పమను" అంది. తర్వాత తన పాత ఐరన్ ఒకటి తెచ్చి నా పుస్తకాల సంచిలో పడేసింది. జీతం తీసుకుని చేస్తే ఆడవాళ్ళ పని, డిగ్రీ కోసం చేస్తే మగపిల్లల పని ఎలా అవుతుందో నాకు ఆరోజు అర్థం కాలేదు. ఈరోజుకీ కాలేదు.

నా జట్టులో రెండోవాడు మా బావ. మేనత్త కొడుకు. నాకూ వాడికీ వయసులో పెద్ద తేడా లేదు, అందుకే ఒకరినొకరం నువ్వు అనే పిలుచుకుంటాం. ఇద్దరికీ ఒకే కాలేజీలో, ఒకే కోర్సులో సీటు వచ్చినప్పుడు మా అత్తయ్య, "మంచిదే, వాడు తోడుంటాడు" అంది. మొదటి ఏడాది అసెంబ్లీ లాంగ్వేజ్ పరీక్షకి ఎవరు ఎవరికి తోడున్నారో వాణ్ణే అడగండి. కానీ నిజం చెప్పాలి, వాడికి ప్రోగ్రాం రాయడం వచ్చినట్టు మా క్లాసులో ఇంకెవరికీ రాదు. చదివితే కథలా సాగిపోతుంది వాడు రాసింది. ఐరన్ పట్టుకుంటే మాత్రం వేళ్ళు కాల్చుకుంటాడు. నాకు అటూ ఇటూగా ఇందుకు వ్యతిరేకం. అందుకే మొదటిరోజే పంచుకున్నాం, బోర్డు నాది, ప్రోగ్రాం వాడిది.

మేం చేసింది మందుల పెట్టెకి కాపలా కాసే పరికరం. చల్లగా ఉండాల్సిన మందుల పెట్టెలో వేడి పెరిగినా, ఎవరైనా మూత తీసి మరిచిపోయినా అది గీపెడుతుంది, తెర మీద ఎంత వేడుందో చూపిస్తుంది. దాని బోర్డు నమూనా మాత్రం మాది కాదు. ఎవరు ఏ ప్రాజెక్టు చేసినా కవర్ల మాస్టారు ఎప్పుడో గీసిన నమూనా మీదే చెయ్యాలని మా డిపార్ట్‌మెంటులో రూలు. ఆ నమూనాలో ఒక లోపం ఉంది. బోర్డులో క్రిస్టల్ అని ఒక చిన్న వెండిరంగు డబ్బా ఉంటుంది. అది బోర్డుకి నాడి, అది కొట్టుకుంటేనే మిగతాదంతా నడుస్తుంది. అది సరిగ్గా కొట్టుకోవాలంటే దాని రెండు కాళ్ళకీ రెండు చిన్న కెపాసిటర్లు ఉండాలి. సారు నమూనాలో వాటికి చోటే లేదు. కొన్ని బోర్డులు అదృష్టం కొద్దీ ఆడేవి, కొన్ని ఆడేవి కావు. ఆడకపోతే ప్రోగ్రాం తప్పనేవారు.

మాది ఆడలేదు. నేను కారణం వెతికి పట్టుకుని, చొక్కా గుండీలో సగం ఉండే గోధుమరంగు కెపాసిటర్ బిళ్ళలు రెండు తెచ్చి, కాళ్ళు వంచి బోర్డు పక్కనుంచి అతికించాను. బోర్డు లేచి కూర్చుంది. సారుకి చెబితే, "ఇన్నేళ్ళుగా ఆడుతున్న నమూనా అమ్మా ఇది" అని కవరు సర్దుకుంటూ వెళ్ళిపోయారు. నేను చెప్పింది ఆయన చెవికెక్కలేదు.

ఇక నా గొడవంతా దేని గురించో చెప్పాలి. మా వైవాలకి ప్రతి ఏడాదీ బయటినుంచి ఒక మేడమ్ వస్తుంది. బోర్డులు డిజైన్ చేసే ఒక కంపెనీలో పెద్ద ఇంజనీరు. వైవాల్లో బోర్డు వైపు నిలబడ్డవాళ్ళలోంచి ఒక్కరిని ఎంచుకుని తన డిజైన్ గదిలోకి శిక్షణకి తీసుకుంటుంది. ఒక్కరినే. నేను ఈ కోర్సులో చేరిందే ఆ గదిలో కుర్చీ కోసం. తెర వైపు నిలబడితే ఆవిడ నన్ను లెక్కలోకే తీసుకోదు. అంటే ఆ బల్లకి నేను ఏ పక్కన నిలబడతానన్నదే నా బతుకు.

వైవా ముందురోజు పొద్దున్నే బావని మెట్ల దగ్గర పట్టుకున్నాను.

"రేపు నేను బోర్డు వైపు నిలబడతాను. సారు చెయ్యి చూపించగానే నువ్వే చెప్పాలి, బోర్డు తనది సార్ అని. నేను చెబితే ఆయన వినిపించుకోరు."

"చెప్తాలే. దానికి ఇంత ఇదెందుకు? మార్కులు ఇద్దరికీ వస్తాయిగా."

"మార్కులు కాదు బావా, కుర్చీ."

"సరే, చెప్తానన్నానుగా" అన్నాడు. వాడు సరే అంటే కాదు అనలేక అన్నాడని నాకు చిన్నప్పట్నించీ తెలుసు. అయినా నమ్మాను.

ఆ మధ్యాహ్నం సారు నన్ను రిపోర్టు బైండింగుకి పంపారు. 'అమ్మాయిలైతే శుభ్రంగా చేయిస్తారు' అట. నేను బైండింగు షాపులో జిగురు వాసన పీలుస్తూ కూర్చున్నప్పుడు ఇక్కడ ల్యాబులో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. రేపు బోర్డు అందంగా కనపడాలని సారూ బావా కలిసి దాన్ని పారదర్శకంగా ఉండే పలక మీద బిగించబోయారు. నా రెండు బిళ్ళలూ సారు కంట్లో పడ్డాయి. "ఈ వేలాడేవేంటి బాబూ, నా నమూనాలో ఇవి లేవే. బయటినుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ మేడమ్ చూస్తే నవ్విపోతుంది, తీసెయ్" అన్నారు. బావ కట్టర్ తీసి రెండిటినీ కత్తిరించేశాడు. తీశాక ఆడుతుందో లేదోనని బోర్డు చేత్తో పట్టుకుని ఆన్ చేస్తే ఆడింది. చూశావా అన్నారు సారు. చేత్తో పట్టుకున్నాడు కాబట్టే ఆడిందని ఇద్దరికీ తట్టలేదు. చేతి వేలు కూడా ఒక చిన్న కెపాసిటర్ లాంటిదే. వేలు క్రిస్టల్ దగ్గరుంటే నాడి కొట్టుకుంటుంది, తీస్తే ఆగిపోతుంది. ఇది రెండో ఏడాది పాఠం.

మర్నాడు మా పేర్లు పిలిచారు. గుమ్మంలో సారు చెయ్యి లేచింది. "బాబు ఇటు, అమ్మాయి అటు." నేను బావ వైపు చూశాను. వాడు నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు. షూ లేసులు ఊడిపోయినట్టు కాళ్ళ వైపు చూసుకుంటూ వెళ్ళి కిటికీ పక్కన నిలబడ్డాడు.

"సార్, బోర్డు నేను చేశాను" అన్నాను.

"అవునమ్మా, ఇద్దరూ కలిసే చేశారు, నాకు తెలియదా. పద పద, టైమవుతోంది" అన్నారు సారు, నా భుజం పక్కనుంచి గాలిని నెడుతూ. నేను వెళ్ళి తెర పక్కన నిలబడ్డాను. వెళ్ళకుండా ఉండాల్సింది. కానీ బయట ఇంకా చాలా జట్లు ఎదురుచూస్తున్నాయి, మేడమ్ గడియారం చూసుకుంటోంది, అలాంటప్పుడు గొడవ పడితే అమ్మాయికి పొగరనేస్తారు.

సారు స్విచ్ వేశారు. బోర్డు మీద ఎర్రలైటు వెలిగింది. తెర మీద మాత్రం ఏమీ రాలేదు. బావ మందుల పెట్టె మూత తీశాడు, మూశాడు, మళ్ళీ తీశాడు. అది గీపెట్టలేదు, కనీసం మూలగలేదు.

"ఎర్రలైటు వెలుగుతోంది కాబట్టి బోర్డుకేం ఢోకా లేదు మేడమ్" అన్నారు సారు. "ప్రోగ్రామే ఎక్కడో పడుకుంది. ఏమ్మా, సరిచూసుకోలేదా?"

అందరూ నా వైపు తిరిగారు. మా బావ రాసిన ప్రోగ్రాంకి నేను దోషిని. బల్లకి అవతల వాడి మొహం పాలిపోయింది. వాడి ప్రోగ్రాంలో ఒక్క తప్పు లేదని వాడికి తెలుసు, ఆ మాట అనాలంటే ప్రోగ్రాం తనదని ఒప్పుకోవాలి, అందుకని నీళ్ళు నములుతూ నిలబడ్డాడు. మేడమ్ నన్ను ప్రోగ్రాం గురించి రెండు ప్రశ్నలడిగింది. వాడితో కూర్చుని చదివినదే కాబట్టి చెప్పాను. ఆవిడ తల ఊపింది కానీ పెన్నుతో ఏదో చిన్నగా రాసుకుంది. ఆ చిన్న రాత నాకు అనుకూలంగా ఉండదని తెలుస్తూనే ఉంది.

"ఒకసారి బోర్డు చూస్తాను సార్" అన్నాను.

"నీ వైపు నువ్వుండమ్మా. అటు సంగతి బాబు చూసుకుంటాడు."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఇక ఆగలేదు. బల్ల చుట్టూ తిరిగి కిటికీ వైపు వెళ్ళి వంగి చూశాను. నా రెండు బిళ్ళలూ లేవు. అవి ఉండాల్సిన చోట రెండు తెగిన తీగముక్కలు నా మొహంలోకి చూస్తున్నాయి. వారాల తరబడి వెతికి కనిపెట్టిన సంగతిని జుట్టు కత్తిరించినట్టు కత్తిరించి పారేశారు. నాకు ఏడుపొచ్చింది, కానీ అది కోపం వల్ల వచ్చిన ఏడుపు, అందుకని కింద పడనివ్వలేదు.

చూపుడువేలు తీసుకెళ్ళి క్రిస్టల్ కాళ్ళ దగ్గర ఆనించాను. తెర మీద అంకెలు గబగబా నడిచాయి. పెట్టె మూత తెరిచి ఉంది కాబట్టి బోర్డు గట్టిగా గీపెట్టింది. బయట జట్లలో ఎవరో నవ్వారు.

"అదిగో, ఆడింది" అన్నారు సారు. ఆయన మొహం విచ్చుకుంది. "ఏదో లూజు కాంటాక్టు. వేలు అలాగే ఉంచమ్మా, తియ్యకు. ఊఁ, నువ్వు చెప్పు బాబూ మేడమ్‌కి."

నేను వేలు అలాగే ఉంచాను. ఎందుకుంచానో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. బావ స్కేలుతో ఒక్కొక్క భాగం చూపిస్తూ, ఇది సెన్సర్ అండి, ఇది పవర్ అండి అని వివరించాడు. మా పక్కింటివాళ్ళ ఇల్లు చూపిస్తున్నవాడిలా చెప్పాడు. నేను పక్కన వంగి, నడుం పట్టేసి, వేలు ఆనించి నిలబడ్డాను. నేను చేసిన బోర్డుని వాడు తనదిగా చెప్పుకోవడానికి నా వేలే ప్రాణం పోస్తోంది. ఇంతకంటే అన్యాయం నేను చూడబోనని అనుకుంటూ ఉండగానే మేడమ్ కళ్ళజోడు సర్దుకుని బోర్డు మీదికి వంగింది.

"సోల్డరింగ్ చాలా బాగుంది. ముత్యాల్లా ఉన్నాయి చుక్కలు. మంచి చెయ్యి బాబూ నీది" అంది.

వేలు తీసేశాను.

గీపెట్టడం ఆగిపోయింది. తెర నల్లబడింది.

"వేలు, వేలు" అన్నారు సారు, కవరు, కవరు అన్నట్టే. "పెట్టమ్మా."

"పెట్టను సార్. బోర్డు వైపు నిలబడ్డవాళ్ళని పెట్టమనండి."

బావ వేలు చాపి సెన్సర్ మీద పెట్టాడు. ఏమీ కాలేదు. పవర్ దగ్గర పెట్టాడు. ఏమీ కాలేదు. వాడికి ఎక్కడ పెట్టాలో తెలియదు. మేడమ్ ఆ వేలు వైపూ, వాడి వైపూ, నా వైపూ చూసింది.

"దీన్ని ఎవరు కట్టారు?" అని అడిగింది.

నేను చెప్పలేదు. ఈసారి నేను చెప్పకూడదని నిశ్చయించుకున్నాను. బావ స్కేలు బల్ల మీద పెట్టాడు. బల్ల చుట్టూ నడిచి, తెర పక్కకి వెళ్ళి, నేను ఇందాక నిలబడ్డ చోట నిలబడ్డాడు.

"తనే కట్టింది మేడమ్. ప్రోగ్రాం నాది. ప్రోగ్రాంలో తప్పేం లేదు" అన్నాడు. ఆ చివరి ముక్క అనేటప్పుడు మాత్రం గొంతు గట్టిగానే వచ్చింది. వాడూ ఒక దొంగతనానికి గురయ్యాడని నాకు అప్పుడే తట్టింది. ఇందాకటి నుంచి వాడి ప్రోగ్రాంకి జవాబులు చెబుతున్నది నేను.

తర్వాత వాడు చొక్కా జేబులో చెయ్యి పెట్టి రెండు గోధుమరంగు బిళ్ళలు తీసి బల్ల మీద పెట్టాడు. "పారెయ్యబుద్ధి కాలేదు" అన్నాడు నాతో.

నేను సంచిలోంచి అమ్మ ఐరన్ తీశాను. సారు ఏదో అనబోయారు. మేడమ్ చెయ్యెత్తింది, ఆయన ఆగారు. ఐరన్ వేడెక్కేదాకా అందరూ నన్ను చూస్తూ నిలబడ్డారు. ఏ ఒక్కరూ పొగ గురించి మాట్లాడలేదు. బిళ్ళల కాళ్ళు పొట్టివైపోయాయి కానీ సరిపోయాయి. రెండు చుక్కలు పెట్టి, ఊది, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని దూరంగా జరిగాను. బోర్డు తనంతట తనే గీపెట్టింది. మేడమ్ మూత మూసింది, ఊరుకుంది. తీసింది, మళ్ళీ గీపెట్టింది. రెండు మూడుసార్లు అలా చేసింది, చిన్నపిల్లలా.

"నమూనాలో వీటికి చోటేది?" అని సారుని అడిగింది. సారు కిటికీ కవరు సర్దుకున్నారు. కిటికీకి కూడా ఒక కవరుంది మా ల్యాబులో.

ఆవిడ నా వైపు తిరిగింది. "ఇంత తెలిసినదానివి, ముందే చెప్పొచ్చుగా?"

"బిళ్ళల సంగతీ చెప్పాను, బోర్డు నాదనీ చెప్పాను మేడమ్. ఇవాళ ఆగిపోయింది కాబట్టి మీకు వినపడింది" అన్నాను.

అన్నాక నా కుర్చీ పోయిందనుకున్నాను. అంత పెద్దావిడతో అలాగేనా మాట్లాడేది అని అమ్మ కూడా తిడుతుంది. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"మా ఆఫీసుకొచ్చేవాళ్ళు నన్ను చూసి, ఇంజనీరు గారు ఎక్కడండీ అని అడుగుతుంటారు" అంది. "అయినా ఇక్కడికొచ్చి నేనూ, ఎవరు ఏం చేశారని ముందే అడగలేదు. సోమవారం రా. ఐరన్ మా దగ్గరుంటుంది, కానీ నీది నువ్వు తెచ్చుకో."

నాకు సంతోషం వేసింది. అబద్ధం ఎందుకు, గాల్లో నడుస్తున్నట్టే ఉంది. కానీ ఆ సంతోషం మీద కూడా కోపం పొరలా పేరుకునే ఉంది. ఆ రెండు బిళ్ళలూ బావ జేబులో కాకుండా చెత్తబుట్టలో పడి ఉంటే? నమూనా అదృష్టం కొద్దీ ఆడి ఉంటే? బోర్డు చక్కగా ఆడేది, బావ కుర్చీలో కూర్చునేవాడు, నేను తెర పక్కన చప్పట్లు కొట్టేదాన్ని. నాకు న్యాయం జరగడానికి నా పని చెడిపోవాల్సి రావడమేంటి?

బావా నేనూ సామాను సర్దుకుని గుమ్మం దాకా వచ్చాం. "కోపమా?" అన్నాడు మెల్లగా. "ఇంటికి పద, అత్తయ్య ముందు చెప్తా నీ సంగతి" అన్నాను. వాడు ఊపిరి పీల్చుకున్నాడు. తిడతానన్నానంటే మాట్లాడతానని అర్థం మా ఇంట్లో.

వెనక సారు తర్వాత జట్టుని పిలిచారు. ఒక పొడుగు కుర్రాడు, ఒక పొట్టి పిల్ల లోపలికొచ్చారు. సారు చెయ్యి దానంతటదే లేచింది.

"బాబు ఇటు, అమ్మాయి అ..."

నేను గుమ్మంలోంచి వెనక్కి తిరిగాను. "సార్. ముందు వాళ్ళని అడగండి."

సారు మొహం మాడ్చుకున్నారు. మేడమ్ తల ఎత్తకుండానే, "అడగండి" అంది. సారు చెయ్యి దించి, "ఎవరిది ఏ వైపు?" అని అడిగారు. ఆ ల్యాబులో ఆ ప్రశ్న నేను వినడం అదే మొదలు.

పొట్టి పిల్ల నా వైపు మొహమాటంగా చూసింది. "నాది నిజంగా ప్రోగ్రామేనక్కా" అంది. సంచి భుజానికి సర్దుకుని, కుర్రాడికి బోర్డు అందించి, తనంతట తను నడుచుకుంటూ తెర వైపు వెళ్ళింది.

సారు మొహం వెలిగిపోయింది. "చూశావా?" అన్నారు నాతో.

"చూశాను సార్" అన్నాను. "ఎవరూ చెయ్యి చూపించలేదు."